‘సివిల్ కోర్టుకు అధికారం లేదు’ అంటే ఎంతవరకు లేదు? నిర్వాసితుల ఆస్తి తగాదాల్లో ఏ ప్రశ్న ఎవరిది

వరసకు నాకు చిన్నాయన అయ్యే ఒకాయన, చిత్తూరు జిల్లాలో ఒక కోర్టు వరండాలో కాగితాల కట్ట పట్టుకొని నిలబడిన రోజు నాకు బాగా గుర్తు. కాలువ కోసం పొలంలో కొంత భాగం పోయింది. పని ఆపించాలని, తన వాటా తనకు ఇప్పించాలని దావా వేశాడు. దావాకు నంబరు పడకుండానే వెనక్కి వచ్చింది. కట్ట వెనక చేత్తో రాసిన ఒక్క వాక్యం ఉంది: 2013 భూసేకరణ చట్టం 63వ సెక్షన్ ఉండగా ఈ దావా ఎలా చెల్లుతుందో చెప్పాలి.

“కోర్టే మనకు కోర్టు లేదంటే ఇంక యాడికి పోయేది?” అన్నాడు ఆయన.

భూమి పోయిన ప్రతి ఊళ్లోనూ ఈ ప్రశ్న వినిపిస్తోంది. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే మన జిల్లా మీదుగా వెళుతోంది. కాలువలు, రిజర్వాయర్లు, పారిశ్రామిక వాడలు సరేసరి. “సివిల్ కోర్టు తీసుకోదు” అని ఒకరంటారు, “స్టే తెచ్చుకోవచ్చు” అని ఇంకొకరంటారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. ఆ కొంత ఎంతో తెలియక జనం నెలలకు నెలలు పోగొట్టుకుంటున్నారు. ఆ బాధ దగ్గర నుంచి చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

అధికారం లేకపోవడం వేరు, హక్కు లేకపోవడం వేరు

ముందు పునాది చూద్దాం. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ సెక్షన్ ప్రకారం సివిల్ స్వభావం ఉన్న ప్రతి దావానూ సివిల్ కోర్టు విచారించవచ్చు. ఏదైనా చట్టం నేరుగా గానీ, పరోక్షంగా గానీ అడ్డుకున్నవి మాత్రమే దీనికి మినహాయింపు. అంటే తలుపు మామూలుగా తెరిచే ఉంటుంది. మూసి ఉందని చెప్పేవాళ్లే దాన్ని చూపించాలి.

అధికార పరిధి లేదంటే ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఈ కోర్టు కాదు అని మాత్రమే అర్థం. నీకు భూమి మీద హక్కు లేదని, నీ వాటా అబద్ధమని ఎవరూ తేల్చినట్టు కాదు. దావా వెనక్కి వచ్చిన రోజు చిన్నాయన దాయాది ఊళ్లో “కోర్టు కొట్టేసింది” అని చెప్పుకున్నాడు. కొట్టేసింది ఏమీ లేదు. అసలు సంగతిలోకి ఎవరూ వెళ్లనే లేదు.

కాందిశీకుల కాలంలో పాతుకున్న వాక్యం

ఈ అడ్డు నిన్న మొన్న పుట్టింది కాదు. 1947 విభజనలో కోటికి పైగా మనుషులు ఇల్లూ వాకిలీ వదిలి సరిహద్దు దాటారు. ఇక్కడి నుంచి వెళ్లినవాళ్ల ఇళ్లు, పొలాలు, దుకాణాలు ఖాళీగా మిగిలాయి. అక్కడి నుంచి వచ్చిన కాందిశీకులకు తలదాచుకునే చోటు లేదు. ఖాళీ ఆస్తి ఎవరిదో ఒక్కొక్కటిగా మున్సిఫు కోర్టుల్లో తేల్చుకుంటూ కూర్చుంటే ఒక తరం గుడారాల్లోనే గడిచిపోయేది.

అందుకని 1950లో దేశం వదిలి వెళ్లినవాళ్ల ఆస్తి నిర్వహణ చట్టం వచ్చింది. 1947 మార్చి 1 నుంచి విభజన కారణంగా దేశం వదిలి వెళ్లినవాళ్ల ఆస్తిని కస్టోడియన్ అనే అధికారి చేతికి ఇచ్చింది. ఒక ఆస్తి ఆ కోవలోకి వస్తుందా రాదా అన్న ప్రశ్నను సివిల్ కోర్టు విచారించరాదని 46వ సెక్షన్‌లో రాశారు. 1954లో నిర్వాసితులకు పరిహారం, పునరావాసం ఇచ్చే చట్టం వచ్చింది. దాని 36వ సెక్షన్ ఇంకొక అడుగు ముందుకు వేసింది. ఈ చట్టం కింద ప్రభుత్వానికో అధికారికో నిర్ణయించే అధికారం ఉన్న ఏ విషయంలోనూ సివిల్ కోర్టు దావా తీసుకోరాదు, ఏ కోర్టూ ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు) ఇవ్వరాదు.

ఈ రెండు చట్టాలూ పని పూర్తయి 2005లో రద్దయ్యాయి. వాటి కేసులు ఎక్కువగా పంజాబు, ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ వైపువి. తెలుగు నేల మీద హైదరాబాద్‌లోనూ నడిచాయి. చట్టం పోయినా వాక్యం పోలేదు. 2013 భూసేకరణ చట్టం 63వ సెక్షన్ తీసి చదివితే అదే అచ్చు కనిపిస్తుంది: కలెక్టరుకో, ఈ తగాదాలు తేల్చే ప్రత్యేక అథారిటీకో అధికారం ఉన్న భూసేకరణ వివాదాన్ని హైకోర్టు, సుప్రీంకోర్టు తప్ప ఏ సివిల్ కోర్టూ విచారించరాదు, ఆ విషయంలో ఇంజంక్షన్ ఇవ్వరాదు. విభజన కాందిశీకుడి కోసం రాసిన అడ్డు, డెబ్బై ఏళ్ల తర్వాత మన కాలువ కింద పొలం పోయిన రైతు ముందు నిలబడింది.

‘నిర్ణయించే అధికారం ఉన్న విషయం’: కథంతా ఈ మాటలోనే

అడ్డు ఎంత వెడల్పో ఆ ఒక్క మాట చెబుతుంది. అధికారికి నిర్ణయించే అధికారం ఉంటే కోర్టుకు లేదు. అధికారికి ఆ అధికారమే లేకపోతే అడ్డు కూడా లేదు.

దీన్ని ఎంత దూరం లాగవచ్చన్న దాని మీద సుప్రీంకోర్టు తీర్పుల్లోనే రెండు ధోరణులు కనిపిస్తాయి. 1967లో జాఫ్రన్ బేగం కేసులో, ఆస్తి దేశం వదిలి వెళ్లినవాళ్లదా కాదా అని తేల్చడంలో యాజమాన్యం లాంటి చిక్కు ప్రశ్నలు ఇమిడి ఉన్నా సరే, అది కస్టోడియన్ పనే, 46వ సెక్షన్ సివిల్ కోర్టును పూర్తిగా అడ్డుకుంటుంది అన్నారు. ఇది గట్టి అడ్డు.

మరుసటి ఏడాది, 1968లో ధూలాభాయ్ కేసు వచ్చింది. అది పొగాకు మీద వేసిన అమ్మకపు పన్ను తిరిగి ఇప్పించమన్న దావా, భూమిది కాదు. అయినా పరిధి గురించి ఎక్కడ వాదన జరిగినా ఈనాటికీ ఆ తీర్పే తీస్తారు. ఐదుగురు న్యాయమూర్తుల తరఫున జస్టిస్ హిదాయతుల్లా ఏడు సూత్రాలు రాశారు. వాటిలో మనకు కావాల్సినవి ఇవి. ప్రత్యేక అధికారి నిర్ణయమే అంతిమం అని చట్టం చెబితే, సివిల్ కోర్టు చేయగలిగిన పనిని ఆ అధికారి చేయగలడా, సరైన ఉపశమనం ఇవ్వగలడా అని చూడాలి. ఆ ఏర్పాటు ఉన్నా, అధికారి చట్టంలోని నిబంధనలనే పాటించకపోయినా, న్యాయవిచారణ మూల సూత్రాలను పక్కన పెట్టినా సివిల్ కోర్టు తలుపు మూసుకోదు. సివిల్ కోర్టు అధికారం పోయిందని తేలిగ్గా అనుకోరాదు.

రెండింటినీ పక్కపక్కన పెడితే నాకు అర్థమైంది ఇది: అధికారి తన పని చేసి తప్పు చేస్తే ఆ తప్పును పై అధికారి దగ్గరో హైకోర్టులోనో దిద్దుకోవాలి. అధికారి తనది కాని పని చేస్తే అది వేరే సంగతి. ఈ గీత కాగితం మీద గీసినంత తేలిక కాదు. భూసేకరణ నోటిఫికేషన్ చెల్లుతుందా లేదా అన్నదాన్ని సివిల్ కోర్టు అసలు ముట్టుకోరాదని 1995, 1996ల్లో పాత 1894 చట్టం కింద కూడా సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఆ చట్టంలో 63వ సెక్షన్ లాంటి నేరు వాక్యం లేకపోయినా పరోక్షంగా అడ్డు ఉందని తేల్చింది.

చిన్నాయన దావాను విడదీసి చూస్తే

ఇప్పుడు ఆ కట్ట విప్పుదాం. వాళ్ల నాయన నుంచి వచ్చిన భూమి 2 ఎకరాల 40 సెంట్లు. ఇద్దరు కొడుకులు. పెద్దాయన చనిపోయాడు. ఆయన కొడుకు పేరు మీద పట్టాదారు పాసుపుస్తకం, వన్‌బీ (భూమి హక్కుల రికార్డు) అన్నీ ఉన్నాయి. చిన్నాయన తన సగం దున్నుకుంటున్నాడే గానీ రికార్డులో పేరు లేదు. కాలువకు 90 సెంట్లు పోయాయి. మిగిలింది ఎకరా 50 సెంట్లు. అవార్డు, అంటే పరిహారం ఎంతో ఎవరికో తేల్చే ఉత్తర్వు, పాసుపుస్తకం ఉన్న అబ్బాయి పేరు మీద తయారైంది.

దావాలో మూడు కోరికలు కలిపి రాశారు. కాలువ పని ఆపాలి. పరిహారంలో సగం ఇప్పించాలి. మిగిలిన భూమిని రెండు భాగాలు చేయాలి. చదివితే ఒకే తగాదా. చట్టం దృష్టిలో మూడు వేర్వేరు ప్రశ్నలు.

మొదటిది, పని ఆపడం. ఇది సివిల్ కోర్టులో నడవదు. 63వ సెక్షన్ ఇంజంక్షన్‌ను పేరు పెట్టి మరీ అడ్డుకుంటోంది. దానికి తోడు 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టానికి చేసిన సవరణ ఉంది. రోడ్లు, సాగునీటి కాలువల వంటి మౌలిక వసతుల ప్రాజెక్టు ఆలస్యమయ్యేలా ఇంజంక్షన్ ఇవ్వరాదని అది చెబుతుంది. నోటిఫికేషనే చట్టవిరుద్ధం అనుకుంటే హైకోర్టులో రిట్ వేయాలి.

రెండోది, పరిహారంలో సగం. చిన్నాయన ఎక్కువ టెన్షన్ పడాల్సింది దీని గురించి. ఆయన మాత్రం ధర తక్కువ కట్టారన్న కోపంలోనే ఉన్నాడు. ఊహకు ఒక లెక్క వేద్దాం. ఎకరా మార్కెట్ విలువ 20 లక్షలు అనుకుంటే 90 సెంట్లకు 18 లక్షలు. 2013 చట్టం ప్రకారం దాని మీద నూరు శాతం సొలేషియం (బలవంతంగా భూమి తీసుకున్నందుకు అదనంగా ఇచ్చేది), అంటే ఇంకో 18 లక్షలు. గుణకం, 12 శాతం అదనపు మొత్తం పక్కన పెడితే మొత్తం 36 లక్షలు. ధర ఎకరాకు 25 లక్షలకు పెరిగితే మొత్తం 45 లక్షలవుతుంది. ఆయన సగం 18 నుంచి 22 లక్షల 50 వేలకు పెరుగుతుంది. అంటే ధర మీద పోరాడి గెలిస్తే వచ్చే తేడా నాలుగున్నర లక్షలు. వాటా తేలకపోతే పోయేది 18 లక్షలు.

ఈ రెండూ, అంటే ధర ఎంత, డబ్బు ఎవరికి అన్నవి, 2013 చట్టం కింద ఒకే దారిలో పోతాయి. 64వ సెక్షన్ కింద కలెక్టరుకు రాతపూర్వకంగా దరఖాస్తు పెడితే కలెక్టరు దాన్ని అథారిటీకి పంపుతారు. కొలతల మీద, ధర మీద, డబ్బు ఎవరికి చెల్లాలన్న దాని మీద, వాటాల మీద, పునరావాస హక్కుల మీద అభ్యంతరం ఏదైనా ఇందులోనే. ఆ అథారిటీలో కూర్చునేది జిల్లా జడ్జిగా చేసినవాళ్లో, ఏడేళ్ల అర్హత ఉన్న న్యాయవాదో. దాని తీర్పు మీద హైకోర్టుకు అప్పీలు ఉంది. పాత చట్టం కింద ఇదే రిఫరెన్సు సివిల్ కోర్టుకే వెళ్లేది. మన కోర్టుల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘ఎల్‌ఏఓపీ’ (భూసేకరణ ఒరిజినల్ పిటిషన్) అనేది అదే. ఆ అలవాటు మీదనే చాలామంది నేరుగా కోర్టు మెట్లెక్కుతున్నారు.

గడువే ఇక్కడ ప్రాణం తీస్తుంది. అవార్డు ఇచ్చినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లకు ఆరు వారాలు. లేనివాళ్లకు నోటీసు అందిన ఆరు వారాలు లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. సరైన కారణం చూపితే ఇంకో ఏడాది వరకు తీసుకునే వీలుంది. ఇంకొక చిక్కు: అభ్యంతరం తెలపకుండా డబ్బు తీసుకున్నవాళ్లకు 64వ సెక్షన్ దారి మూసుకుపోతుంది. “అభ్యంతరంతో తీసుకుంటున్నాను” అన్న ముక్క రసీదు మీద ఉందా లేదా అన్న దాని మీద లక్షలు ఆధారపడతాయి.

మూడోది, మిగిలిన ఎకరా 50 సెంట్ల పంపకం. దీనికీ భూసేకరణకూ సంబంధమే లేదు. కలెక్టరుకు దీన్ని పంచే అధికారం లేదు, కాబట్టి 63వ సెక్షన్ దీన్ని తాకదు. ఇది అచ్చంగా సివిల్ కోర్టు పని. “పాసుపుస్తకం వాళ్ల పేరున ఉంది కదా” అని భయపెట్టేవాళ్లుంటారు. 1971 నాటి పాసుపుస్తకాల చట్టం 8వ సెక్షన్, రికార్డులో పేరు ఎక్కించమని ప్రభుత్వం మీద దావా వేయరాదంటుంది. అదే సెక్షన్ ఆ నమోదు వల్ల హక్కు దెబ్బతిన్న మనిషి తన హక్కును కాదనేవాళ్ల మీద డిక్లరేషన్ దావా (హక్కు తనదని ప్రకటించమనే దావా) వేయవచ్చని, కోర్టు చెప్పిన ప్రకారం రికార్డు మార్చాలని కూడా అంటుంది. ఒకే సెక్షన్ ఒక చేత్తో తలుపు మూసి ఇంకో చేత్తో తెరుస్తోంది.

వీటికి బయట ఇంకొక సందర్భం ఉంది. నోటిఫికేషన్‌లో లేని సర్వే నంబరులోకి కాంట్రాక్టరు జేసీబీ దింపితే అది సేకరించిన భూమే కాదు. అక్కడ 63వ సెక్షన్ అడ్డు చెప్పడానికి ఆధారం చాలా తక్కువ.

అదే భూమి రోడ్డు కింద పోయి ఉంటే

చిన్నాయన పొలం కాలువకు కాకుండా ఎక్స్‌ప్రెస్‌వేకు పోయి ఉంటే దారి మారేది. జాతీయ రహదారుల భూసేకరణ 1956 చట్టం కింద జరుగుతుంది. పరిహారం లెక్కకు 2013 చట్టం సూత్రాలే వర్తించినా, తగాదా తీర్చే పద్ధతి మాత్రం పాతదే. ధర మీద అభ్యంతరం ఉంటే కేంద్రం నియమించిన ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లాలి. డబ్బు ఎవరికి, ఏ వాటాలో అన్న తగాదా వస్తే 3హెచ్(4) సెక్షన్ ప్రకారం భూసేకరణ అధికారి దాన్ని ప్రధాన సివిల్ కోర్టుకు పంపాలి. అధికారి తానే వాటాలు తేల్చేయడం కుదరదని, ఆ పని సివిల్ కోర్టుదేనని 2023లో వినోద్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

అదే ఇంట్లో అదే దాయాదుల తగాదా. భూమి కాలువకు పోతే అథారిటీకి, రోడ్డుకు పోతే సివిల్ కోర్టుకు. “మా బావమరిది కేసు సివిల్ కోర్టే తీసుకుంది కదా” అన్న మాట ఎందుకు నిజమవుతుందో, అదే మాట నమ్మినవాడు ఎందుకు దెబ్బతింటాడో ఇక్కడ తెలుస్తుంది.

డీకేటీ పట్టాల మాట కూడా చెప్పాలి, మన వైపు ఇవి చాలా ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చిన భూమిని ప్రభుత్వమే తీసుకుంటే పరిహారం ఉండదని ఒకప్పుడు అనేవాళ్లు. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం అలాంటి పట్టాదారుకు కూడా సొంత భూమి ఉన్నవాళ్లతో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని చెప్పింది. 2013 చట్టం అసైన్‌మెంటు పొందిన కుటుంబాన్ని బాధిత కుటుంబాల నిర్వచనంలోనే చేర్చింది.

అడ్డు ఉండాలనేవాళ్లు, వద్దనేవాళ్లు

ఉండాలనేవాళ్ల వాదన తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. ఒక కాలువ వందల సర్వే నంబర్ల గుండా పోతుంది. ఒక్కొక్క నంబరు మీద ఒక్కొక్క కోర్టులో ఇంజంక్షన్ వస్తే నీళ్లు చివరి ఊరికి ఎన్నటికీ చేరవు. ఆ చివరి ఊళ్లో ఉన్నదీ రైతులే. 1950ల్లో గుడారాల్లో ఉన్న కాందిశీకులకు ఇల్లు త్వరగా దొరకడం కూడా ఆ అడ్డు వల్లే సాధ్యమైంది. ఒకే రకం ప్రశ్నలు రోజూ చూసే ప్రత్యేక అథారిటీ, అద్దె తగాదా నుంచి విడాకుల దాకా అన్నీ చూసే కోర్టు కంటే త్వరగా తేల్చగలదన్నది వాళ్ల నమ్మకం.

వద్దనేవాళ్లు అడిగేది వేరు. భూమి తీసుకునేది ప్రభుత్వం. ధర కట్టేదీ, ఎవరి పేరున అవార్డు రాయాలో మొదట నిర్ణయించేదీ ప్రభుత్వ అధికారే. సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేయడం, పాత పత్రం నిజమైనదో కాదో తేల్చడం రెవెన్యూ అధికారుల రోజువారీ పని కాదు. పైగా మిగిలిన దారి హైకోర్టు. 2019 జనవరి నుంచి మన హైకోర్టు అమరావతిలో ఉంది. పలమనేరు పక్క పల్లె నుంచి వాయిదాకు వెళ్లాలంటే రాత్రంతా ప్రయాణం, వకీలు ఫీజు, పోయిన కూలి.

ఈ భయం ఎంత లోతైనదో భూ హక్కుల చట్టం విషయంలో రాష్ట్రమంతా చూసింది. ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం భూమి హక్కు తగాదాలను సివిల్ కోర్టుల నుంచి తీసి అధికారుల చేతికి ఇవ్వబోయింది. న్యాయవాదులు ఊరూరా విధులు బహిష్కరించారు. 2024లో అది రద్దయింది. ఆ చట్టం పోయింది కాబట్టి ఇప్పుడు అన్ని భూ తగాదాలూ సివిల్ కోర్టుకే వస్తాయని కొందరు అనుకుంటున్నారు. భూసేకరణ చట్టంలోని 63వ సెక్షన్ ఎక్కడికీ పోలేదు.

నా మటుకు నాకు ప్రాజెక్టును ఆపే ఇంజంక్షన్ మీద అడ్డు అర్థమవుతుంది. అన్నదమ్ముల మధ్య డబ్బు పంపకం మీద కూడా అంత గట్టి అడ్డు ఎందుకో అర్థం కాదు. డబ్బు ఎవరికి పోవాలన్న తగాదా వల్ల కాలువ ఒక్క రోజు కూడా ఆగదు. రహదారుల చట్టం ఆ పనిని సివిల్ కోర్టుకే వదిలినప్పుడు కాలువలకు వర్తించే 2013 చట్టం వదలకపోవడానికి గట్టి కారణం నాకు కనపడలేదు.

రెండు తలుపుల మధ్య ఇరుక్కునేది ఎవరు

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. హైకోర్టులో రిట్ వేస్తే, సాక్ష్యాలతో తేలాల్సిన విషయాల్లోకి రిట్‌లో మామూలుగా వెళ్లరు, సివిల్ కోర్టుకో సంబంధిత అధికారి దగ్గరికో వెళ్లమంటారు. సివిల్ కోర్టుకు వెళితే 63 చూపిస్తారు. నోటీసే అందనివాళ్లు, అవార్డులో పేరే లేనివాళ్లు, గడువు దాటిపోయాక సంగతి తెలిసినవాళ్లు ఈ మధ్యలో నలుగుతారు. ఎక్కువగా వీళ్లు పుట్టింట్లో వాటా ఉన్న ఆడబిడ్డలు, బెంగళూరుకో చెన్నైకో పనికి పోయినవాళ్లు.

వీళ్లకు చట్టంలో చిన్న ఆసరా ఉంది. 77వ సెక్షన్‌లో ఒక షరతు చేర్చారు: పరిహారం తీసుకున్న మనిషి, చట్టప్రకారం హక్కున్న మనిషికి దాన్ని చెల్లించాల్సిన బాధ్యత ఈ చట్టం వల్ల పోదు. 1894 చట్టంలోనూ ఇదే మాట ఉండేది. విచారణలో అసలు భాగం కాని వాటాదారు, డబ్బు తీసుకున్న దాయాది మీద దావా వేయడానికి న్యాయవాదులు ఆనుకునేది దీన్నే. అవతలివాళ్లు 63 చూపిస్తారు. ఏది నెగ్గుతుందన్నది ఆ మనిషికి నోటీసు అందిందా, 64 కింద అడిగే అవకాశం నిజంగా దొరికిందా అన్న వాస్తవాల మీద ఆధారపడుతుంది.

కలిపి వేసిన దావా మొత్తం పోతుందా అన్న దానికి 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక జవాబు ఇచ్చింది. అది బ్యాంకు బకాయిల సర్ఫేసీ చట్టం కింద వచ్చిన కేసు, ఆ చట్టంలోనూ ఇలాంటి అడ్డే ఉంది. దావాలో కొన్ని కోరికలకు అడ్డున్నా, ఒక్క కోరిక సివిల్ కోర్టు పరిధిలో ఉంటే పరిధి పేరుతో దావాను మొదట్లోనే తిరస్కరించరాదని చెప్పింది.

చిన్నాయన ఆ వాదనతో పోరాడే ఓపిక లేక రెండు కోరికలు తీసేసి, మిగిలిన భూమి పంపకానికి మాత్రం దావా మళ్లీ వేశాడు. ఈసారి నంబరు పడింది. పరిహారం గురించి కలెక్టరుకు దరఖాస్తు వేరుగా పెట్టాడు. అవార్డు రోజు ఆయన అక్కడ లేడు, నోటీసు అందాక నాలుగు వారాలు మొదటి దావా చుట్టూ తిరగడంలోనే పోయాయి. దరఖాస్తు మీద అందినట్టు ముద్ర పడిన రోజుకు గడువు ఇంకా ఐదు రోజులే మిగిలింది. ఇప్పుడు ఆయన ఇంట్లో గోడ మేకుకు రెండు గుడ్డ సంచులు వేలాడుతుంటాయి. ఒకదాని మీద మనవరాలు స్కెచ్ పెన్నుతో ‘డబ్బు’ అని రాసింది, ఇంకోదాని మీద ‘బూమి’ అని రాసింది. ఒత్తు పెట్టమని నేనంటే, “ఉండనీలే, ఏది ఏదో తెలుస్తాంది కదా” అన్నాడు ఆయన.